పాయింట్లా, మెట్లా, విడిగా మాటా? 6 నుంచి 10వ తరగతి దాకా ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది

ఒకే బడి, ఒకే 8వ తరగతి. మూడో పీరియడ్‌లో లెక్కలు సాఫీగా సాగిపోతాయి. నాలుగో పీరియడ్‌లో సోషల్ మొదలైన పది నిమిషాలకే గలాటా. పిలకాయలు వాళ్లే, బెంచీలు అవే. అందుకే "ఈ సెక్షనే అంత" అనుకుంటే ఏ పద్ధతినీ సరిగా ఎంచుకోలేం. తిరుపతిలో మునిసిపల్ హైస్కూల్ అయినా, పాకాల పక్క పల్లెలో జిల్లా పరిషత్ హైస్కూల్ అయినా టీచర్ చేతిలో ఉన్న దారులు ఐదు: జట్లకు పాయింట్లు, హెచ్చరికల మెట్లు, విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం, రోజు కార్డు, ఇంటికి కబురు. హెడ్మాస్టర్ గదికి పంపడం ఆరోది. చాలామంది మొదట పట్టుకునేది దాన్నే, మా లెక్కలో మాత్రం అది అన్నిటికన్నా చివర రావాలి.

ఎంపిక మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. పిల్లవాడు ఆ పని ఎందుకు చేస్తున్నాడు, వాడి వయసెంత, మీరు రోజుకు ఎన్ని సెక్షన్లకు వెళ్తారు. మూడోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఐదు సెక్షన్లు, ఒక్కో దాంట్లో 40 మంది అంటే 200 మంది. ట్రైనింగ్‌లో చూపించిన అందమైన చార్టు 200 మందికి నడపాలంటే రెండో వారానికే ఆగిపోతుంది. అదే చార్టు ఒకే తరగతిని రోజూ చూసే క్లాస్ టీచర్ చేతిలో ఏడాదంతా నడవగలదు.

బెత్తం ఈ పోలికలో ఎందుకు లేదు

2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. మీరిన వారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. శిక్ష అంటే బెత్తం ఒక్కటే కాదు. గుంజీళ్లు, గోడకుర్చీ, ఎండలో నిలబెట్టడం కూడా ఒంటికి వేసే శిక్షలే. కులం పేరో, వాళ్ల నాయన చేసే పనో ఎత్తి అందరి ముందు మాట్లాడటం మానసిక వేధింపు. అదే చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ చదువు, అంటే 8వ తరగతి, పూర్తయ్యే దాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయడానికి లేదు. కాబట్టి 7వ తరగతిలో "టీసీ చేతికిచ్చి పంపిస్తా" అన్న బెదిరింపు ఉత్తమాట. చేయలేనిదాన్ని రెండుసార్లు అంటే, చేయగలిగింది చెప్పినప్పుడు కూడా నమ్మరు.

చట్టాన్ని పక్కన పెట్టినా దెబ్బతో పని జరగదు. ఏం చేయకూడదో దెబ్బ చెబుతుందే గానీ ఏం చేయాలో చెప్పదు. కొట్టే సార్ పీరియడ్‌లో అణిగిన అల్లరి, కొత్తగా వచ్చిన మేడం పీరియడ్‌లో రెండింతలై బయటపడుతుంది. ఆ మేడం చేతకానితనం అని అందరూ అనుకుంటారు. అది ఆమెకు జరిగే అన్యాయం.

ఏది ఎంచుకున్నా ముందు చేయాల్సింది

అమెరికాలో జేకబ్ కౌనిన్ అనే పరిశోధకుడు తరగతులను వీడియో తీసి పరిశీలించి, 1970లో ఒక సంగతి బయటపెట్టాడు. అల్లరి జరిగాక టీచర్లు మందలించే తీరులో, మంచి తరగతికీ గలాటా తరగతికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తేడా అంతా అల్లరికి ముందే ఉంది. నలుమూలలా ఏం జరుగుతోందో టీచర్ కనిపెట్టి ఉండటం, ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు ఖాళీ రానివ్వకపోవడం అన్నమాట. కింద చెప్పే ఐదు పద్ధతులూ ఈ పునాది లేకపోతే నిలబడవు.

మొదటి ఐదు నిమిషాలు ఇట్లా ఉండాలి. బెల్లు కొట్టేసరికి నిన్నటి పాఠం నుంచి మూడు చిన్న ప్రశ్నలు బోర్డు మీద కనబడాలి. మీరు వేరే సెక్షన్ నుంచి పరిగెత్తుకుంటూ వస్తారు కాబట్టి, ముందు రోజే క్లాస్ లీడర్‌కు చీటీ ఇస్తే పీరియడ్ మారేలోపు రాసిపెడతాడు. వాళ్లు రాసుకుంటున్న నాలుగు నిమిషాల్లో మీరు హాజరు వేసుకోవచ్చు. పేర్లు పిలిస్తే 40 మందికి మూడు నిమిషాలు పోతాయి, ఆ మూడు నిమిషాల్లోనే సద్దు పుడుతుంది. బెంచీకి ఇద్దరేసి కూర్చుంటే, లేనివాళ్ల ఖాళీలు చూసి వేసుకోవడం మేలు. ఇందుకు కూర్చునే చోట్లు ఖాయంగా ఉండాలి, చోట్ల పటం మీ అటెండెన్స్ రిజిస్టరులో అంటించి ఉండాలి.

నోటుబుక్కులు తిరిగి ఇవ్వడం ఇంకో చిల్లు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఇస్తే క్లాసు సంత అవుతుంది. దిద్దేటప్పుడే వరుసల వారీగా కట్టలు కట్టి, వరుసకొకరి చేతికిస్తే నిమిషంలో పని ముగుస్తుంది. బెంచీల మధ్య ఒక మనిషి నడిచేంత దారి ప్రతి వరుసకూ ఉండేలా చూసుకోండి. టీచర్ చేరలేని మూల ఏదైనా ఉంటే అల్లరి అక్కడే మొదలవుతుంది.

మధ్యాహ్న భోజనం తర్వాత పీరియడ్‌కు వేరే ఏర్పాటు కావాలి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేలోపే మన జిల్లాల్లో ఎండ తగులుతుంది. అన్నం తిని కూర్చున్నవాళ్లకు 40 నిమిషాల ఉపన్యాసం ఎక్కదు. ఆ పీరియడ్‌ను మూడు ముక్కలు చేయండి: 12 నిమిషాలు చెప్పడం, 15 నిమిషాలు ఇద్దరిద్దరుగా రాసే పని, మిగతా సమయం బోర్డు దగ్గరికి పిలవడం.

కారణం పట్టుకోవడానికి ఐదు రోజులు

పద్ధతి ఎంచుకునే ముందు ఐదు పని దినాలు ఒక చిన్న నోటుబుక్కులో నాలుగు గళ్లు నింపండి. టైమెంత, దానికి ముందు క్లాసులో ఏం నడుస్తోంది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ తర్వాత వాడికి ఏం దక్కింది. "అల్లరి చేశాడు" అని రాస్తే పనికిరాదు. "ముందు బెంచీ అబ్బాయి వీపు మీద పెన్నుతో గీశాడు" అని రాయాలి.

ఐదు రోజులకే నాలుగో గడి మాట్లాడటం మొదలుపెడుతుంది. ఎక్కువగా కనబడేవి నాలుగే కారణాలు. నలుగురూ తన వైపు చూడాలని, చేతకాని పని తప్పించుకోవాలని, ఏదో వస్తువో చోటో కావాలని, ఊరికే ఒళ్లు కదిలించకుండా ఉండలేక. వీటిలో రెండోదాన్ని మనం ఎక్కువగా పొరబడతాం. ఇంగ్లీషు పీరియడ్‌లో వరసగా చదివించడం మొదలై తన వంతు దగ్గరపడేసరికి ఒకడు సుద్దముక్క విసురుతాడు. బయటికి పొమ్మంటాం. వాడికి కావలసింది అదే. రేపు ఇంకాస్త ముందే విసురుతాడు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు, కుప్పం వైపు కన్నడం మాట్లాడేవాళ్లు, పలమనేరు, పుంగనూరు వైపు ఉర్దూ మాట్లాడేవాళ్లు క్లాసులో ఉంటే, పుస్తకం తెలుగే వాళ్లకు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. పది మంది ముందు తడబడటం కన్నా తిట్లు తినడమే నయమనుకుంటారు.

నిజంగా తప్పించుకోవడమేనా అని తేల్చుకోవడం కష్టం కాదు. రెండు రోజులు వాడికి సగం నిడివి పని ఇవ్వండి. ఒక పేరాకు బదులు రెండు వాక్యాలు, అవి కూడా ముందురోజే చూపించి. ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉన్న పాఠ్యపుస్తకం ఉంటే తెలుగు పేజీ ముందు చదవనివ్వండి. సుద్దముక్కలు ఆగిపోతే మీకు కావలసింది క్రమశిక్షణ పద్ధతి కాదు, చదవడం నేర్పడం. ఆగకపోతే ఇంకో కారణం వెతకాలి.

రోజూ మొదటి పీరియడ్‌లోనే తల వాల్చేవాళ్లను మందలించే ముందు ఒక మాట విడిగా అడగండి: "పొద్దున ఎన్నింటికి లేచావు అప్పా?" పాలు పితికి డెయిరీలో పోసి వచ్చేవాడు, టిఫిన్ అంగట్లో అమ్మకు సాయం చేసి వచ్చేవాడు, జూన్, జులైలో మామిడి కోతల ఇంటివాడు మీకు తప్పక కనబడతారు. ఆ నిద్ర మీ మీద ధిక్కారం కాదు. బోర్డు చూసి రాసుకోకుండా పక్కవాడి నోటుబుక్కులో తొంగిచూసే పిల్లను ఒకరోజు ముందు బెంచీకి మార్చి చూడండి. రాతలో తప్పులు తగ్గితే కళ్ల పరీక్ష చేయించాలి.

జట్లకు పాయింట్లు: 6, 7 తరగతులకు

ఈ పద్ధతి పాతది. 1969లో అమెరికాలో ఒక నాలుగో తరగతిని రెండు జట్లు చేసి, నియమం తప్పినప్పుడల్లా ఆ జట్టుకు బోర్డు మీద గీత పెట్టారు. గీతలు తక్కువ ఉన్న జట్టు గెలుస్తుంది, ఇద్దరూ పరిమితి లోపల ఉంటే ఇద్దరూ గెలిచినట్టే. ఈ చివరి నియమమే దీనికి ప్రాణం. మన బడుల్లో దీన్ని పెట్టేటప్పుడు ఎక్కువమంది వదిలేసేది కూడా దాన్నే. ఒకే జట్టు గెలవాలంటే, బుధవారానికి వెనకబడ్డ జట్టు ఇక ప్రయత్నించదు.

40 మంది క్లాసుకు ఐదు జట్లు చాలు, జట్టుకు 8 మంది. జట్లు మీరే వేయండి, స్నేహాలను బట్టి కాదు. ప్రతి జట్టులో గొంతున్నవాడు ఒకడు, నెమ్మదస్తురాలు ఒకామె, చదువులో వెనకబడ్డవాళ్లు ఇద్దరు ఉండేలా చూడండి. నియమాలు మూడే ఉండాలి, అవీ చేయదగినవిగా. "సద్దు చేయరాదు" కన్నా "చెయ్యెత్తి పిలిచాక మాట్లాడాలి" మేలు. పీరియడ్‌ను పదేసి నిమిషాల నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మూడు నియమాలూ పాటించిన జట్టుకు ఒక పాయింటు ఇవ్వండి. రోజుకు నాలుగు, వారానికి ఐదు పీరియడ్లయితే 20. మొదటి వారం 12 వస్తే చాలని పెట్టండి, రెండో వారం 14, మూడో వారం 16. గమ్యం చేరిన ప్రతి జట్టుకూ శుక్రవారం చివరి పది నిమిషాలు బహుమతి: పద్యాల అంత్యాక్షరి, వాళ్లడిగిన పొడుపుకథలు, లేదా ముందుగా వరస కట్టి బయటికి వెళ్లడం.

చాక్లెట్లు వద్దు. ఖర్చు సంగతి అటుంచితే, 1973లో చిన్నపిల్లల మీద జరిగిన ఒక పేరున్న ప్రయోగంలో, ఇష్టంగా బొమ్మలు వేసే పిల్లలకు బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయిస్తే, తర్వాత వాళ్లంతట వాళ్లు బొమ్మలు వేయడం తగ్గింది. పిల్లలు ఇష్టంగా చేస్తున్న పనికి బహుమతి కట్టకండి. ఇంకా అలవాటు కాని పనికే కట్టండి, అలవాటయ్యాక మెల్లగా తీసేయండి. నాలుగు వారాల తర్వాత వారంలో రెండు రోజులు మాత్రమే లెక్క పెట్టండి, ఏ రెండు రోజులో ముందు చెప్పకుండా.

ఇది ఎక్కడ చెడుతుందంటే, ఇచ్చిన పాయింటు కోపంలో వెనక్కి తీసుకున్నప్పుడు. సంపాదించింది చేజారుతుందని తెలిస్తే పిలకాయలు సంపాదించడమే మానేస్తారు. రెండో ప్రమాదం, ఒకడు కావాలని జట్టును ముంచడం. నలుగురి చూపు కోసం చేసేవాడికి ఏడుగురి కోపం కూడా బహుమతే. అట్లాంటివాడిని రెండు వారాలు ఒక్కడి జట్టుగా వేరు చేసి, వాడి పాయింట్లు వాడికే వేయండి. ఇంటర్వెల్‌లో జట్టువాళ్లు వాడి మీద పడి తిట్టే పరిస్థితి రానివ్వకండి.

9, 10 తరగతుల్లో ఇది పెట్టొద్దు. 15 ఏళ్లవాడికి బోర్డు మీద పాయింటు చిన్నతనంగా అనిపిస్తుంది, దాన్ని చెడగొట్టడంలోనే వాడికి పెద్దరికం కనబడుతుంది. 8వ తరగతి మధ్యస్తం. సెక్షన్‌ను చూసి నిర్ణయించుకోవాలి.

హెచ్చరికల మెట్లు: 8 నుంచి 10 దాకా, చాలా సెక్షన్లకు వెళ్లేవారికి

స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే హైస్కూల్లో ఒక సబ్జెక్టు చెప్పే టీచర్‌గా, రోజుకు ఐదారు సెక్షన్లు చూసేవారికి ఇదే సరైనది. రాతకోతలు తక్కువ, అన్ని సెక్షన్లకూ ఒకే వరస.

మొదటి మెట్టులో మాటే ఉండదు. పాఠం ఆపకుండా ఆ బెంచీ దగ్గరికి నడిచి, అక్కడే నిలబడి ఆ పాఠమే చెప్పడం. సగం అల్లరి ఇక్కడే ఆగిపోతుంది. రెండో మెట్టు, వంగి తక్కువ గొంతుతో పేరు పెట్టి, చేయాల్సిన పని చెప్పడం: "సురేశా, పటం గీయడం మొదలుపెట్టు." చెప్పిన వెంటనే అక్కడి నుంచి కదిలిపోండి. వాడి ముఖంలోకి చూస్తూ నిలబడితే, వెనక్కి తగ్గడం వాడికి పరువు సమస్య అవుతుంది. మూడో మెట్టు, రెండు దారులు: "ఇక్కడే రాస్తావా, ముందు బెంచీలో కూర్చుని రాస్తావా? నీ ఇష్టం." ఏదన్నా ఎంచుకోనివ్వండి, పది సెకన్లు ఆగండి. నాలుగో మెట్టు, బెల్లు కొట్టాక రెండు నిమిషాల మాట. ఐదో మెట్టు, రిజిస్టరులో ఒక వాక్యం రాసి క్లాస్ టీచర్‌కు అందించడం.

ఆ రెండు నిమిషాలు రెండే నిమిషాలు ఉండాలి, తర్వాతి టీచర్ పీరియడ్ తినేయకూడదు. బడి వదిలాక ఆపడం పల్లెల్లో కుదరదు. పాస్ బస్సు పోతే ఆ పిల్ల చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. భోజనం వరసలో వెనక్కి నెట్టడం, గుడ్డు ఆపడం వంటివి ఎన్నడూ చేయొద్దు. అన్నం శిక్షకు పనిముట్టు కాకూడదు. ఆటల పీరియడ్ కోయడం కూడా తెలివితక్కువ పని. ఒళ్లు కదలక అల్లరి చేసేవాడికి ఆటే మందు, అది తీసేస్తే మరునాడు మనమే అనుభవించాలి.

మెట్లు పనిచేయడానికి ఒకే ఒక షరతు ఉంది: మెట్టు దాటకూడదు, ఆగకూడదు. విసుగులో మొదటి మెట్టు నుంచి ఐదో దానికి దూకితే క్లాసంతా పిల్లవాడి పక్షాన నిలుస్తుంది. మూడో మెట్టు దగ్గరే పదిసార్లు తిరిగితే, నాలుగోది ఎప్పటికీ రాదని తేల్చుకుంటారు. ఫస్టు ర్యాంకు అమ్మాయి మాట్లాడితే నవ్వి వదిలేసి, వెనక బెంచీవాడిని మెట్టెక్కిస్తే ఆ రోజుతో మెట్ల విలువ పోయినట్టే. పిలకాయలు ఈ లెక్క మనకన్నా బాగా పెడతారు.

పిలుపు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పనిచేస్తుంది. 6వ తరగతిలో "ఏం రా నాయనా" అంటే ముద్దు. 9వ తరగతిలో ఆడపిల్లల ముందు "రేయ్" అంటే గుచ్చుకుంటుంది. పేరు చాలు. వాడు ఎదురు మాట్లాడితే వాదించకండి. "అది తర్వాత మాట్లాడదాం, ఇప్పుడు లెక్క చెయ్" అని మళ్లీ పాఠంలోకి వెళ్లిపోండి. నలుగురి ముందు "సారీ చెప్పు" అని పట్టుబట్టడం కూడా వాదనే. నోటి సారీతో ఏదీ మారదు.

విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం

కొట్లాట, వెక్కిరింపు, వస్తువు పాడుచేయడం, టీచర్‌ను ఎదిరించి మాట్లాడటం. వీటికి పాయింట్లూ మెట్లూ చాలవు, ఎందుకంటే ఇక్కడ ఇంకొకరికి దెబ్బ తగిలింది. ఈ పని అప్పటికప్పుడు చేయకూడదు. వేడి మీద ఉన్నవాడి చెవికి ఏమీ ఎక్కదు. అట్లని మూడు రోజులు ఆగినా మాట చల్లారిపోతుంది. మరునాడు ఇంటర్వెల్‌గానీ, లీజర్ పీరియడ్‌గానీ పట్టుకోండి. 15 నిమిషాలు చాలు. వరండాలో, నలుగురికీ కనబడేటట్టు, ఎవరికీ వినబడనంత దూరంలో కూర్చోండి.

ప్రశ్నలు నాలుగు. ఏం జరిగింది? అప్పుడు నీ మనసులో ఏముంది? దీనివల్ల ఎవరికి ఏం నష్టం? సరిచేయడానికి ఏం చేస్తావు, ఎప్పటిలోపు? "ఎందుకు చేశావు?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు పిలకాయలు నేల చూస్తారు, లేకపోతే అబద్ధం చెబుతారు. నాలుగో ప్రశ్నకు జవాబు కొలవగలిగేదిగా ఉండాలి. "ఇంకెప్పుడూ చేయను సార్" చెల్లదు. "చింపిన రికార్డులో నాలుగు పటాలు శనివారంలోపు గీసిస్తా" చెల్లుతుంది. శనివారం మీరు అడగాలి. అడగకపోతే ఆ 15 నిమిషాలూ వృథా.

ఒక గట్టి హద్దు. బలమైనవాడు బలహీనుడిని నెలల తరబడి ఏడిపిస్తుంటే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. మీ ముందు చేతులు కలుపుతారు, బస్టాండు దగ్గర బాధితుడు మళ్లీ దెబ్బలు తింటాడు. విడివిడిగా మాట్లాడి, హెడ్మాస్టర్‌తో కలిసి నిఘా ఏర్పాటు చేయాలి. లైంగిక వేధింపు అయితే రాజీ మాటే ఉండకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాల్సిందే, బడిలోనే సర్దుకోవడం నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 నోటీసు బోర్డు మీద పిల్లల కంటికి అందే ఎత్తులో ఉండాలి.

రోజు కార్డు, ఇంటికి కబురు

క్లాసంతా దారికొచ్చి ఇద్దరు ముగ్గురు మాత్రం మిగిలిపోతే వాళ్లకు రోజు కార్డు. పోస్టుకార్డంత అట్ట మీద రెండు గమ్యాలు రాయండి, ఉదాహరణకు "బెల్లు కొట్టేసరికి చోటులో ఉంటా", "ఇచ్చిన పని సగమైనా రాస్తా." ప్రతి పీరియడ్ చివర టీచర్ ఒక్కో గమ్యానికి 0, 1 లేదా 2 వేసి పొట్టి సంతకం పెడతారు. 8 పీరియడ్లుంటే రోజుకు గరిష్ఠం 32. మొదటి వారం 18 దాటితే చాలనండి, మెల్లగా 26 దాకా తీసుకెళ్లండి. పొద్దున ప్రేయర్‌కు ముందు రెండు నిమిషాలు, సాయంత్రం రెండు నిమిషాలు ఒకే పెద్దమనిషి ఆ పిల్లవాడిని చూడాలి. క్లాస్ టీచర్ కావచ్చు, వ్యాయామ ఉపాధ్యాయుడు కావచ్చు. నిజానికి పనిచేసేది ఆ నాలుగు నిమిషాలే, అంకెలు దానికొక వంక. నలుగురి చూపు కోరుకునేవాడికి ఇది దివ్యంగా పనిచేస్తుంది. చదవడం రాక తప్పించుకునేవాడికి ఇది దాదాపు పనిచేయదు.

కార్డు చెడేది ఇంటి దగ్గర. సున్నాలు చూసి నాయన కొడితే మరునాడు కార్డు పోయిందంటాడు. మొదటి రెండు వారాలు కార్డు ఇంటికి పంపకండి.

ఇంటికి మొదటి ఫోను మంచి మాటతో వెళ్లాలి, అదీ ఏ గొడవా లేని జూన్‌లోనే. "అమ్మా, నేను మీ పాప సైన్స్ టీచర్ని. ఈరోజు ప్రయోగం బాగా చేసింది, చెబుదామని చేశాను." ఒక్క నిమిషం. సెప్టెంబరులో కష్టం చెప్పాల్సి వస్తే ఆ తల్లి మీ మాట వింటుంది. కంప్లయింటు చెప్పేటప్పుడు జరిగింది ఒక వాక్యంలో, మీరు చేసింది ఒక వాక్యంలో, వాళ్ల నుంచి కావలసింది ఒక వాక్యంలో ముగించండి. తిరుపతిలో హోటళ్లలో, కొండ మీద అంగళ్లలో షిఫ్టు పని చేసేవాళ్లను పదకొండు గంటలకు బడికి రమ్మంటే ఆ రోజు కూలి పోతుంది. ఏ టైముకు ఫోను చేస్తే వీలో ముందే అడిగి రాసుకోండి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఏ పిల్లవాడి తప్పూ పేరుతో పెట్టొద్దు. వచ్చిన తండ్రి స్టాఫ్ రూములోనే చెయ్యెత్తితే అడ్డం నిలబడి, "అన్నా, కొట్టడానికి పిలవలేదు, మీ సాయం కావాలని పిలిచాను" అని చెప్పాలి. పిల్లవాడు ఆ మాట ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాడు.

మరి మీ క్లాసుకు ఏది?

మీరు 6, 7 తరగతుల క్లాస్ టీచర్ అయి, అల్లరి క్లాసంతా పరుచుకుని ఉంటే పాయింట్లతో మొదలుపెట్టండి. 8 నుంచి పైకి, రోజుకు నాలుగు సెక్షన్లు దాటితే మెట్లు. అల్లరంతా ముగ్గురి చుట్టూనే తిరుగుతుంటే క్లాసుకు ఏ పద్ధతీ పెట్టొద్దు, ముగ్గురికి కార్డులు చాలు. ఒకరికి దెబ్బ తగిలిన ప్రతిచోటా విడిగా మాట. మొత్తం మీద రెండు పద్ధతులకు మించి ఒకేసారి నడపకండి. కొత్తగా చేరిన టీచర్ అయితే మొదటి నెల మెట్లు ఒక్కటే చాలు, ఎందుకంటే మిగతావాటికి పిలకాయల పేర్లూ ఇళ్లూ తెలిసి ఉండాలి.

హెడ్మాస్టర్ గది ప్రమాదం ఉన్నప్పుడే: దెబ్బలాట ఆగకపోతే, చేతిలో బ్లేడు ఉంటే, పిల్లవాడు క్లాసు వదిలి పారిపోతే. చిన్నదానికీ పెద్దదానికీ అక్కడికే పంపితే, క్లాసును అదుపు చేసేది మీరు కాదని మీరే చాటినట్టు అవుతుంది. పైగా తప్పించుకోవాలనుకున్నవాడికి అది సెలవు.

పనిచేస్తోందో లేదో ఊహతో తేల్చకండి. కుడి జేబులో 20 చింతగింజలు వేసుకుని, పాఠం ఆపాల్సి వచ్చినప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోకి మార్చండి. పీరియడ్ చివర లెక్క రాసుకోండి. పద్ధతి పెట్టకముందు వారం సగటు 14 ఉండి, రెండు వారాలకు 9కి వస్తే అది పనిచేస్తున్నట్టే, నిశ్శబ్దం రాలేదని వదిలేయొద్దు. మొదటి మూడు నాలుగు రోజులు లెక్క పెరగవచ్చు. ఇన్నాళ్లూ పనిచేసిన అల్లరి పనిచేయడం మానేసరికి, ఇంకాస్త గట్టిగా చేసి చూస్తారు. ఎక్కువమంది టీచర్లు పద్ధతిని వదిలేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. రెండో వారం ముగిసినా గింజల లెక్క కదలకపోతే మళ్లీ నోటుబుక్కు తీసి నాలుగో గడి చదవండి, కారణం తప్పుగా పట్టుకున్నామేమో చూడండి.

ఏడాది మధ్యలో మొదలుపెట్టాలంటే దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచే రోజు మంచిది. సెలవుల తర్వాత మొదటి పీరియడ్‌లో పాఠం వద్దు. కొత్త చోట్లు, మూడు నియమాలు, మెట్లు ఏవో చెప్పి, చెప్పినట్టే రెండుసార్లు చేయించి చూపించండి. 10వ తరగతికి సంక్రాంతి తర్వాత సాయంత్రం స్టడీ అవర్లు మొదలైనప్పుడు అల్లరి రూపం మారుతుంది. సద్దు తగ్గి, పుస్తకం తెరిచి ఏమీ చదవకపోవడం పెరుగుతుంది. అక్కడ హెచ్చరికలు పనిచేయవు. 25 నిమిషాలకు ఒక చిన్న పని, ఉదాహరణకు ఒక ప్రశ్నకు జవాబు చూడకుండా రాయడం, తర్వాత ఐదు నిమిషాలు లేచి నీళ్లు తాగడం, అట్లా గంటకు రెండు విడతలు. రాసిన కాగితాలు పక్కవాళ్లే దిద్దుకుంటారు. మీరు బెంచీల మధ్య తిరుగుతూ, ఖాళీ కాగితం ఉన్నవాళ్ల పక్కన కూర్చుని మొదటి వాక్యం వాళ్లతో కలిసి రాయండి.